మొక్కు లేని ప్రయాణం

మా అత్తమ్మ మీద నాకున్న ఫిర్యాదులన్నీ రాయబోతే కథకు చోటు మిగలదు కాబట్టి ఒక్కటే రాస్తాను. ఆమెకు జ్ఞాపకశక్తి మరీ ఎక్కువ. నేను కొత్త కోడలిగా నకిరేకల్ నుంచి అచ్చంపేటకు వచ్చిన రోజున బస్సులోంచి ముందుగా దిగింది నేను కాదు, పొద్దున నేను తిన్న పులిహోర. అది కూడా హారతి పళ్ళెం పట్టుకొని నిలబడ్డ ఆమె పాదాల ముందు. ఆ తర్వాత నేను వండిన వంటలు, కుట్టిన రవికెలు, ఆమె మోకాళ్ళకు రాసిన నూనె ఏవీ ఆమెకు గుర్తు లేవు. పులిహోర మాత్రం గింజలతో సహా గుర్తుంది. "మా కోడలు బీయే సదివింది, బస్సెక్కితె కక్కుతది" అని నా రెండు అర్హతలూ ఒక్క ఊపిరిలో చెప్పేది.

మా ఆయన రఘుపతి హైస్కూల్లో సోషల్ సారు. కళ్ళు మూసుకొని నల్లబల్ల మీద ఆసియా ఖండం గీయగలరు. హైదరాబాదులో అఫ్జల్‌గంజ్ దగ్గర దిగితే మాత్రం కోఠీ ఎటుపక్కన ఉందో నన్నే అడుగుతారు. ఇలాంటి ఇంట్లో ఉండి నేను పరదేశం పోవాలనుకున్నాను.

అది అరవై ఒకటో సంవత్సరం ఎండాకాలం. ఒక వారపత్రికలో చదివాను, నేపాలు పోవడానికి మనవాళ్ళకు పాస్‌పోర్టు అక్కర్లేదని, మన రూపాయే అక్కడా చెల్లుతుందని, వాళ్ళూ పప్పూ అన్నమే తింటారని. ఇంత సులువైన పరదేశం ఒకటి పెట్టుకొని ఇన్నాళ్ళూ ఊరుకున్నందుకు నా మీద నాకే కోపం వచ్చింది. రక్సౌలు దాకా రైలు, ఆపైన కొండల మీదుగా బస్సు. రేడియో కోసం దాచిన సొమ్ము ఉంది. పిల్లలను నకిరేకల్‌లో మా అమ్మ దగ్గర వదిలిపెట్టొచ్చు. అడ్డం ఏదైనా ఉందంటే ఆ కొండల బస్సు ఒక్కటే. అది మెలికలు తిరుగుతూ ఎక్కుతుందని కూడా పత్రికవాడు ఎంతో సంబరంగా రాశాడు. ఆ వాక్యం చదువుతుంటేనే నాకు నోట్లో నీళ్ళూరాయి.

పరీక్షలు అయిపోయిన సాయంత్రం, అందరూ వాకిట్లో అన్నాలకు కూర్చున్నప్పుడు మాట తీశాను.

"అత్తమ్మా, ఈ సెలవులల్ల మేము నేపాలు పోయొస్తం."

"అదేడుంది?"

మా ఆయన గాలిలో వేలితో హిమాలయాలు గీయబోయి, తల్లి ముఖం చూసి, ఆ వేలితోనే పచ్చడి నాకారు.

"కాశీకి అవతల" అన్నాను.

"ఏం మొక్కు?"

"మొక్కేం లేదు."

"సుట్టాలున్నరా?"

"లేరు."

"ఎవలికన్న పానం బాగలేదా? పెద్ద దవాఖాన ఉన్నదా ఆడ?"

"అందరం మంచిగనే ఉన్నం గద."

"మరి ఎందుకే?"

"చూడనీకి."

"ఏం సూడనీకి?"

"పోతే గద తెలిసేది."

ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. మా అత్తగారిది గొర్ల కాపరుల ఇల్లు. మామగారు బతికి ఉన్నన్నాళ్ళూ ప్రతి ఎండాకాలం మందను తోలుకొని నల్లమల ఎక్కేవాళ్ళు. ఆమె కూడా నెత్తిన కుండలు పెట్టుకొని, చంకన పిల్లవాణ్ణి వేసుకొని ఆ దారంతా నడిచిన మనిషి. ఆమె దృష్టిలో ఇల్లు కదలడమంటే గడ్డి కోసమో నీళ్ళ కోసమో, లేదంటే దేవుడి కోసం.

"ఇంట్ల బియ్యమున్నయి, బాయిల నీళ్ళున్నయి. ఊర్కెనే ఎవలన్న పోతరానే? గొర్రె సుత పోదు."

"గొర్రె బీయే చదవలేదు గద అత్తమ్మా."

మా ఆయనకు పొలమారింది. అత్తమ్మ ఆయన నెత్తిన ఒక్కటి తట్టి, నా వైపు చూసి, "నకిరేకల్ నుంచి ఈడికి రానీకె పేగులన్ని బయటేసుకున్నవ్. నేపాలు దాక ఏం మిగుల్తయి నీకు?" అంది.

అది నాకు తగిలింది. నిజం గనుక తగిలింది. అప్పుడే నిర్ణయించుకున్నాను, కొండల బస్సు ఎక్కడానికి ముందు చిన్న బస్సుల్లో సాధన చేయాలని.

మరుసటి వారం నుంచి మొదలుపెట్టాను. వంట ముగించి, చేతిసంచిలో నిమ్మకాయ, ఉసిరి వరుగు వేసుకొని బస్టాండుకు పోయేదాన్ని. మొదటిసారి ఊరు దాటగానే కళ్ళు తిరిగి దిగిపోయి, ఎండలో నడుచుకుంటూ ఇంటికి వచ్చాను. మరోసారి బల్మూరు దాకా పోయాను. వెనక సీట్లో కూర్చుంటే వస్తుంది, ముందు కూర్చుంటే రాదు. ఉత్త కడుపుతో వస్తుంది, జొన్నరొట్టె ముక్క తింటే రాదు. పక్కన బీడీ తాగేవాడుంటే ఏం తిన్నా వస్తుంది. కాలేజీలో ఏ సబ్జెక్టూ ఇంత శ్రద్ధగా చదవలేదు. కల్వకుర్తి దాకా పోయి, స్టాండులో చాయ తాగి, అదే బస్సులో నోరు మూసుకొని తిరిగొచ్చిన రోజున నాకు నేనే ఫస్టు క్లాసు ఇచ్చుకున్నాను.

ఇక మిగిలింది మన్ననూరు దాటి అమ్రాబాదు పోయే ఘాటు రోడ్డు. మా దగ్గర ఉన్న హిమాలయం అదే.

ఆ బస్సు కండక్టరు గాలయ్య. టికెట్టు కొట్టేముందు ఎక్కినవాళ్ళ వంశమంతా తెలుసుకుంటే గాని తోచని మనిషి.

"యాడికమ్మా?"

"బస్సు యాడిదాక పోతది?"

"అమ్రాబాదు."

"ఆడికే ఇయ్యి."

"ఎవలున్నరమ్మా ఆడ మీకు?"

"ఎవ్వలు లేరు."

"మరేం పని మీద?"

"పనేం లేదు."

అతను టికెట్టు చించకుండా నా ముఖం వైపు చూశాడు. "సారుకు తెలుసా అమ్మా?" అన్నాడు మెల్లగా. ఏ కష్టం వచ్చి అడవి బాట పట్టిందో అని పాపం అతని భయం. ఆ రోజు ఘాటు సగంలోనే నా సాధన కిటికీలోంచి అడవిపాలైంది. అక్కడే దిగి, ఎదురు బస్సులో మన్ననూరుకు వచ్చి నీళ్ళు తాగి, ఇంటి దారి పట్టాను.

వారం తిరగకముందే ఊరంతా అదే మాట. సోషల్ సారు భార్య ఊరికే బస్సెక్కి పోతుందట, ఊరికే వస్తుందట. పక్కింటి బిక్షమ్మ గోడ మీద మోచేతులు ఆనించి, "లక్ష్మీనర్సమ్మక్కా, మీ కోడలికి అమ్రాబాదుల సుట్టాలున్నరానే?" అని తీయగా అడిగింది. అత్తమ్మ చాటలో బియ్యం చెరుగుతూ, నాకు వినపడేటట్టు, "ఏమో బిక్షమ్మా, ఎవలున్నరో నాకేమెరుక? ఎందుకు పోతున్నవే అంటె ఊర్కెనే అంటది. ఊర్కెనే పోయే ఆడిదాన్ని నేనైతె సూడలె" అంది.

చుట్టాలు లేరని ఆమెకు తెలుసు. తెలిసీ ఆ మాట అంది. ఆ పూట నేను అన్నం తినలేదు. మరుసటి రోజు మాత్రం మళ్ళీ ఘాటు బస్సు ఎక్కాను, మళ్ళీ సగంలోనే దిగాను.

మా ఆయనకు ఇంట్లో రెండు కుంపట్ల మధ్య కూర్చున్నట్టుంది. మెత్తని మనిషి. గొడవ తీర్చడానికి ఆయనకు తోచిన ఉపాయం ఏమిటో నాకు రెండు రోజుల తర్వాత తెలిసింది. ఉదయం లేచేసరికి అత్తమ్మ నా తలకు నూనె పెడతానని పిలిచింది. అనుమానం అప్పుడే రావలసింది.

"ముందే జెప్పొద్దానే పిల్లా! దాసిపెట్టుకుంటివి" అంది, మాడు మీద నూనె తట్టుతూ.

"ఏంది?"

"పిలగానికి జరమొచ్చినప్పుడు పసుపతినాథునికి మొక్కుకున్నవట గద. రఘుపతి జెప్పిండు."

మా ఆయన అప్పటికే సైకిలెక్కి బడి వైపు పోయారు. సెలవుల్లో బడికెందుకని అడిగేవాళ్ళు లేరు.

ఆ సాయంత్రమే మా చిన్న మామ కాటమయ్య వచ్చాడు. మామగారి తర్వాత మంద ఆయన చేతికే వచ్చింది. కులంలో ఆయన మాటకు విలువ ఉంది. వెంట నలుగురైదుగురు బంధువులు. అందరి చేతుల్లో చిన్న చిన్న బట్ట మూటలు.

"పసుపతి అంటె పసులకు దేవుడట గద బిడ్డా" అన్నాడు, గొంగడి పరిచి కూర్చొని. "మన గొర్లు మేకలు సుత ఆయన కిందికే వస్తయి. ఇన్నేండ్లు మనకెరుకనే లేకపాయె. ఇగో, మందమందకు చిటికెడు ఉన్ని తెచ్చిన. పేరు పేరున జెప్పి ఆయన కాళ్ళకాడ పెట్టు. గాలికుంటు రోగం రావొద్దని జెప్పు."

"మామా..."

"ఇంకోటి బిడ్డా. నేను, మా ఇంటిది సుత వస్తం. మీ అత్త వస్తది. ఉత్త చేతులతోటి ఎట్ల పోతం? ఒక పొట్టేలును కొంచపోవాలె. రఘుపతీ, రైల్ల పొట్టేలును ఎక్కనిస్తరారా?"

అప్పుడే ఇల్లు చేరిన మా ఆయన నిజంగానే ఆలోచనలో పడ్డారు. "బ్రేక్ వ్యానులో ఎక్కించొచ్చేమో చిన్నాయినా" అన్నారు.

నవ్వు ఆపుకోవడం కష్టమైంది. నిజం చెప్పాలంటే నా పని అయిపోయింది. నోరు మూసుకొని కూర్చుంటే చాలు. రైలు, కొండలు, కాఠ్మాండూ అన్నీ దొరుకుతాయి. ఒక పొట్టేలు తోడు, అంతే. అత్తమ్మ అందరికీ చాయ పోస్తూ, "మా కోడలు గుణవంతురాలు" అంటోంది. గోడ అవతల బిక్షమ్మ కూడా తల ఊపుతోంది.

కానీ నాకు ఒకటే అనిపించింది. ఇప్పుడు మొక్కు పేరుతో పోతే, మళ్ళీ ఎప్పుడైనా పోవాలంటే ఇంట్లో ఎవరికో ఒకరికి మళ్ళీ జ్వరం రావాలి. ఆ పైన నా కూతురు పోవాలంటే దానికీ ఒక జ్వరం, దానికీ ఒక దేవుడు.

"మామా, మొక్కు లేదు" అన్నాను.

"ఆఁ?"

"నేను ఏ దేవునికి మొక్కలేదు. పిలగానికి జరమొస్తే డాక్టరు సూదేసిండు, తగ్గింది. నేను చూడనీకి పోదామనుకున్న. ఊర్కెనే."

మా ఆయన నేల వైపు చూశారు. ఎవరో చాయ గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినపడింది.

"దేవునితోటి పరాచికాలా బిడ్డా?" అన్నాడు కాటమయ్య.

"దేవునికి అబద్ధం చెప్పొద్దనే చెప్తున్న మామా."

ఆయన ఒక్కొక్క మూటా ఏరి గొంగట్లో వేసుకొని లేచాడు. "నాలుగూర్లల్ల జెప్పొచ్చిన నేను" అని మాత్రం అన్నాడు. వెంట వచ్చినవాళ్ళూ లేచారు. అత్తమ్మ నన్నేమీ అనలేదు. అసలు ఆ తర్వాత నాతో మాట్లాడనే లేదు. ఏం కావాలన్నా పొయ్యితో చెప్పేది. "ఇంట్ల ఉప్పు అయిపోయిందట" అని పొయ్యికి చెబితే నేను పోయి తెచ్చేదాన్ని.

"ఇగ పోయేది లేదు, ఆ మాట మర్చిపో" అన్నారు మా ఆయన.

"మీరు రాకుంటే నేనొక్కదాన్నే పోత. రక్సౌలు ఎటుందో మీ మ్యాపుల చూసుకున్న."

"ఘాటు సుత ఎక్కలేకపోతివి గద."

"ఎక్కుత."

మూడోసారి ఘాటుకు బయలుదేరిన పొద్దున బస్సులో ముందు సీటు మీద అప్పటికే ఒక మనిషి కూర్చొని ఉంది. తలమీద కొంగు, ఒళ్ళో సంచి. మా అత్తమ్మ. ఇంటి నుంచి నాకంటే ముందు బయలుదేరింది. నేను పోయి పక్కన కూర్చున్నాను. ఆమె కిటికీ వైపు తిరిగింది.

"మీ ఇద్దరికి యాడికమ్మా?" అన్నాడు గాలయ్య.

"ఇది యాడికి పోతదో ఆడికే" అంది అత్తమ్మ.

ఆమె ఈ అడవినంతా కాళ్ళతో కొలిచిన మనిషే గాని, అంతవరకు బస్సు ఎక్కింది లేదు. కాళ్ళు లేనివాళ్ళే బస్సు ఎక్కాలనేది. మన్ననూరు దాటేదాకా నిటారుగానే కూర్చుంది. ఘాటు మొదటి మెలికలో సీటు కడ్డీ పట్టుకుంది. రెండో మెలికలో నా చెయ్యి పట్టుకుంది. మూడో మెలికలో "పిల్లా" అంది. ఎన్నో రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అది. రెండో మాట అనడానికి నోరు తెరిచింది గాని, వచ్చింది మాట కాదు.

నేను ఆమె తలను రెండు చేతులా పట్టుకొని కిటికీ బయటకు వంచాను. నుదురు నొక్కాను. ముక్కు దగ్గర నిమ్మకాయ పెట్టాను. "కింద చూడకుండ్రి అత్తమ్మా, ముందు రోడ్డు చూడుండ్రి. ఇగో, ఉసిరి వరుగు చప్పరించుండ్రి" అని నా విద్యనంతా ఆమెకు అప్పజెప్పాను. అలా మెలిక మెలికకూ ఆమెను పట్టుకొనే ఉన్నాను. బస్సు అమ్రాబాదు స్టాండులో ఆగి దుమ్ము అణిగాక గాని నాకు తట్టలేదు. నా కడుపు చెక్కుచెదరలేదు.

దిగాం. కాళ్ళూ ముఖమూ కడిగించి ఒక బండ మీద కూర్చోబెట్టాను. ఒకామె గంపలో తునికిపండ్లు అమ్ముతుంటే కొన్ని కొన్నాను. అత్తమ్మ చుట్టూ చూసింది. నాలుగు దుకాణాలు, ఒక చేతిపంపు, నీడన పండుకున్న మేకలు.

"ఇప్పుడేం జేస్తవ్ ఈడ?"

"ఏం లేదు. మర్ల బస్సొచ్చేదాక కూసుంట."

"గంతేనా?"

"గంతే."

ఆమె ఒక పండు నోట్లో వేసుకుంది. నేనూ వేసుకున్నాను. గాలికి ఎండుటాకులు రోడ్డుకు అడ్డంగా దొర్లుతున్నాయి. పులి తిరిగే అడవి అంటారు గాని ఆ మధ్యాహ్నం కోళ్ళు తప్ప ఏమీ తిరగలేదు.

"ఎన్నేండ్లు తిరిగిన పిల్లా ఈ గుట్టలల్ల" అంది ఉన్నట్టుండి. "గొర్రె తప్పిపోతదని, తోడేలు వడ్తదని ఒకటే ఫికర్. పొద్దుందాక గొర్ల ముడ్డి తప్ప ఏం సూడలె. గా దిక్కు గింత మంచిగున్నదని నాకెరుకనే లేదు."

ఆమె చూపించిన వైపు నేను చూశాను. పెద్ద వింతేమీ లేదు. గుట్ట వెనక గుట్ట, ఎండకు పాలిపోయిన ఆకాశం. ఆమె మాత్రం కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకొని చూస్తూనే ఉంది.

తిరుగు బస్సులో గాలయ్య, "పని అయిందా అమ్మా?" అన్నాడు.

"అయింది" అంది అత్తమ్మ. కొంతసేపటికి నాకు మాత్రమే వినపడేటట్టు అడిగింది. "గా నేపాలు బస్సు గిట్లనే తిరుగుతదా?"

"ఇంతకంటె ఎక్కువ."

"అయితె నీకు తల పట్టుకునేటోళ్ళుండాలె గద. రఘుపతి పట్టడు. వాడు కండ్లు మూసుకుంటడు."

మా ఆయన ముగ్గురికి టికెట్ల కోసం మనిషిని పంపారు. ఎందుకు, ఏమిటి అని అడగలేదు. ఆయన తప్పిపోకుండా చేసే పనులలో అదొకటి.

మూటలు కట్టుకుంటున్న సాయంత్రం కాటమయ్య మళ్ళీ వచ్చాడు. ఈసారి గొంగడి పరవలేదు, కూర్చోలేదు. వాకిట్లో నిలబడే మాట్లాడాడు. గోడ అవతల బిక్షమ్మ మోచేతులు ప్రత్యక్షమయ్యాయి.

"వదినె, నువ్వు సుత పోతున్నవట."

"పోతున్న."

"మంచిది, పోండ్రి. నేనేం వద్దంటలే. నాలుగూర్లల్ల మొక్కని జెప్పుకున్న. ఇప్పుడు లేదంటె నా ఇజ్జత్ ఏంగావాలె? కోడలిని ఒక్కమాట మొక్కే అని అనుమను. బస్. అన్నంత మాత్రాన నోరరుగుతదా?"

నేను చీర మడత పెడుతూ నోరు తెరవబోయాను. అత్తమ్మ చెయ్యి ఎత్తి నన్ను ఆపింది.

"అనది" అంది.

"ఎందుకనది?"

"లేదు గనక అనది. మీ గొర్ల ఉన్ని తెచ్చియ్యి, కొంచపోయి దేవుని కాడ పెడ్త. అది వేరే. మేమైతె సూడనీకే పోతున్నం."

"గిదేం మాట వదినె? మొన్న నువ్వే గద, ఊర్కెనే ఎట్ల పోతదని ఇల్లంత లేవట్టింది? అమ్రాబాదుల ఎవలున్నరో అని గీ గోడ కాన్నే అంటివట గద?"

బిక్షమ్మ మోచేతులు గోడ మీది నుంచి దిగబోయాయి.

"ఉండు బిక్షమ్మా, నువ్వు సుత ఇను" అంది అత్తమ్మ. కొంగుతో ముఖం తుడుచుకుంది. నా వైపు చూడలేదు. కాటమయ్య వైపూ చూడలేదు. వాకిట్లో కట్టి పెట్టిన మూట ముడిని, అది గట్టిగా ఉన్నా సరే, మళ్ళీ ఒకసారి లాగి బిగించింది.

"అవు, అన్న. అనొద్దుండె. పిల్ల మొదటి దినమే నిజం జెప్పింది. నా కొడుకు అబద్ధం జెప్పేదాక ఊకోకపోతి నేను. తప్పు నాదే."